జాతీయ ప్రయోగశాలల 'సిబ్బంది విజయాలు' జాబితాను ఎలా చదవాలి?

ప్రశ్న
భూజలం_హబ్సిగూడ

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో భూగర్భ జల ప్రవాహాన్ని కంప్యూటర్‌పై లెక్కగట్టే అంశంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మన ప్రాంతపు గ్రానైట్ నేలల్లో నీరు రాతి పగుళ్ల వెంట ఎలా కదులుతుందో పాక్షిక అవకలన సమీకరణాలుగా రాసుకుని, ఆ ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి కాలాంతరానికీ లక్షల సంఖ్యలో ఏకఘాత సమీకరణాలను సాధించడం నా పని. సిద్ధాంత వ్యాసం చివరి అధ్యాయానికి వచ్చింది కాబట్టి తరువాత ఎక్కడికి వెళ్లాలన్న ఆలోచన మొదలైంది. అమెరికా ఇంధన శాఖ కింద ఉన్న 17 జాతీయ ప్రయోగశాలల్లో కొన్నింటికి పోస్ట్‌డాక్ దరఖాస్తు పంపాలని, అదే సమయంలో ఇక్కడి కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థల ప్రకటనలను కూడా చూడాలని అనుకుంటున్నాను.

నా ఇబ్బంది ఏమిటంటే, ఈ ప్రయోగశాలల కంప్యూటింగ్ విభాగాలు వెలువరించే 'సిబ్బంది విజయాలు' చదివితే ఏది పెద్ద సంగతో ఏది చిన్న సంగతో తెలియడం లేదు. ఒకరు గోర్డన్ బెల్ బహుమతి తుది జాబితాకు చేరారని, ఒకరికి ఆర్ అండ్ డీ 100 అవార్డు వచ్చిందని, ఇంకొకరు సయామ్ (అనువర్తిత గణితజ్ఞుల సంఘం) ఫెలోగా ఎన్నికయ్యారని, మరొకరికి ఎర్లీ కెరీర్ నిధులు మంజూరయ్యాయని, వీటన్నిటి మధ్యలో తమ సూపర్ కంప్యూటర్‌కు ప్రపంచంలో ఫలానా స్థానం దక్కిందని, అన్నీ ఒకే గొంతుతో, ఒకే పరిమాణంలో ఉన్న ఫొటోలతో వరుసగా ఇస్తారు. మా గైడ్‌గారు "పరిశోధన పత్రాలు చూడు, మిగతాది ప్రచారం" అంటారు. గచ్చిబౌలిలో పనిచేసే నా స్నేహితుడు "ముందు యంత్రం ఎంత పెద్దదో చూడు" అంటాడు. సైంటిఫిక్ కంప్యూటింగ్‌లో నిజమైన పని జరిగే బృందాన్ని ఇలాంటి జాబితా నుంచి గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా? ఈ రంగంలో ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం
సంఖ్యాగణితం_తార్నాక

విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు సంఖ్యాత్మక విశ్లేషణ బోధించి పదవీ విరమణ చేసినవాడిని కాబట్టి నేను కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను. ఓపిక పట్టండి.

షికాగో నగరానికి దగ్గరలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో 1970లలో ఒక పని జరిగింది. విల్కిన్సన్, రైన్ష్ అనే ఇద్దరు గణితజ్ఞులు ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రచురించిన మాత్రికల గణన పద్ధతులను అక్కడివారు ఫోర్ట్రాన్‌లోకి తెచ్చి, రకరకాల కంప్యూటర్ల మీద పరీక్షించి, ఐస్‌పాక్ అనే పేరుతో అందరికీ ఇచ్చారు. దాని తరువాత ఏకఘాత సమీకరణాల కోసం లిన్‌పాక్ వచ్చింది. 1979లో వెలువడిన లిన్‌పాక్ వాడకందారుల మార్గదర్శిని వెనుక అనుబంధంలో, 100 తెలియని రాశులున్న ఒక సమీకరణాల సముదాయాన్ని ఏ కంప్యూటర్ ఎంత సమయంలో సాధించిందో ఒక పట్టిక వేశారు. ఈ ప్రోగ్రాములు తమ యంత్రం మీద ఎంతసేపు తీసుకుంటాయో వాడేవారు అంచనా వేసుకోవడానికి ఉద్దేశించిన పట్టిక అది. అదే పెరిగి పెద్దదై, 1993 నుంచి ఏటా జూన్, నవంబరు నెలల్లో వెలువడే, ప్రపంచంలోని అతివేగ సూపర్ కంప్యూటర్ల టాప్ 500 జాబితాకు కొలబద్ద అయింది. మీ స్నేహితుడు చూడమంటున్న స్థానం పుట్టుక అక్కడే ఉంది.

ఇప్పుడు గమనించండి. 1979 నాటి పట్టికలోని యంత్రాలు ఈనాడు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. ప్రోగ్రాములు మాత్రం బతికే ఉన్నాయి. లిన్‌పాక్, ఐస్‌పాక్ రెండింటి స్థానంలో 1992లో ల్యాపాక్ వచ్చింది. మీరు పైథాన్ భాషలో లెక్కల కోసం వాడే నమ్‌పై తెరిచి ఒక సమీకరణాల సముదాయాన్ని సాధించమని ఒక్క వరుస రాస్తే లోపల పనిచేసేది ల్యాపాక్‌లోని డీజీఈఎస్‌వీ అనే ఉపప్రోగ్రామే. లిన్‌పాక్ రచయితల్లో ఒకరైన క్లీవ్ మోలర్, ఫోర్ట్రాన్ రాయనవసరం లేకుండా విద్యార్థులు లిన్‌పాక్, ఐస్‌పాక్‌లను వాడుకోగలగాలని మొదలుపెట్టిన చిన్న ప్రయత్నమే మ్యాట్‌ల్యాబ్. మరొక రచయిత జాక్ డొంగారా ఆర్గాన్‌లో మొదలై తరువాత టెనెసీ విశ్వవిద్యాలయానికి, ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలకు వెళ్లారు. ఆయనకు 2021 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చినప్పుడు సంఖ్యాత్మక పద్ధతులకు, గ్రంథాలయాలకు (అందరూ తిరిగి వాడుకునే ప్రోగ్రాముల సముదాయాలకు) ఆయన చేసిన సేవనే ప్రస్తావించారు. అంటే పని జరిగిన నాలుగు దశాబ్దాలకు గానీ ఆ పెద్ద గుర్తింపు రాలేదు.

లివర్‌మోర్ ప్రయోగశాల కథా ఇలాంటిదే. అలన్ హిండ్‌మార్ష్ అక్కడ సాధారణ అవకలన సమీకరణాలను సాధించే ప్రోగ్రాములను ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చారు. పైథాన్‌లోని మరో గ్రంథాలయం సైపై వాడేవారు తరచూ పిలిచే ఓడీఈఇంట్ కింద నడిచేది ఆ కుటుంబానికి చెందిన ప్రోగ్రామే. ఆ వారసత్వంలో వచ్చిన సన్‌డయల్స్ బృందానికి 2023లో సయామ్, కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎం కలిసి ఇచ్చే కంప్యుటేషనల్ సైన్స్ బహుమతి దక్కింది. 2015లో అదే బహుమతి ఆర్గాన్‌లో పుట్టిన, పెద్ద సమీకరణాల సముదాయాలను సాధించే గ్రంథాలయం పెట్‌సీ బృందానికి వెళ్లింది. మీరు వివరించిన పనినిబట్టి చూస్తే మీరు పెట్‌సీని ఇప్పటికే వాడుతూ ఉంటారని నా ఊహ.

కాబట్టి జాబితాలోని ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇది ఆ ప్రయోగశాల గోడలు దాటి ఎవరికి చేరింది, రేపు ఇది మాయమైతే ఎవరి పని ఆగిపోతుంది అని ప్రశ్న వేసుకోండి. మీ గైడ్‌గారు చెప్పిన పరిశోధన పత్రాల లెక్క కూడా ఈ పరీక్షకు నిలవాలి. ఇతరులెవ్వరూ తిరిగి నడపలేని ప్రోగ్రాముతో వచ్చిన ఫలితాన్ని వంద పత్రాల్లో అచ్చువేసినా దానిమీద తరువాతివారు ఏమీ కట్టలేరు.

సమాధానం
అలలెక్క_నిజాంపేట

మాస్టారు చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నాను. నేను సముద్రాల నమూనాలపై పనిచేస్తాను. ఇవి నా సొంత అభిప్రాయాలు, నా సంస్థవి కావు.

యంత్రం స్థానం గురించి ఒక సాంకేతిక విషయం తెలుసుకుంటే మీ స్నేహితుడికి జవాబు దొరుకుతుంది. టాప్ 500 పరీక్షలో సాధించే మాత్రిక పూర్తిగా నిండినది, అంటే ప్రతి గడిలోనూ సున్నా కాని సంఖ్య ఉంటుంది. అలాంటి మాత్రికతో పనిచేసేటప్పుడు మెమరీ నుంచి ఒకసారి తెచ్చిన సంఖ్యను ప్రాసెసర్ ఎన్నోసార్లు వాడుకుంటుంది కాబట్టి వేగం బాగా కనిపిస్తుంది. మీ భూగర్భ జలాలైనా, మా సముద్రమైనా, ఒక గడి తన పక్క గడులతో మాత్రమే మాట్లాడుతుంది. మాత్రికలో దాదాపు అంతా సున్నాలే, దీన్నే స్పార్స్ మాత్రిక అంటారు. తెచ్చిన సంఖ్య ఒకటి రెండు సార్లకే పనికొస్తుంది, మిగిలిన సమయమంతా తరువాతి సంఖ్య కోసం ఎదురుచూడటమే. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు వేగం కొలిచి, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలోనూ అంతే వేగంతో వెళ్తుందని చెప్పినట్టుంటుంది టాప్ 500 పరీక్ష మాత్రమే చూస్తే.

అంకెలు చూడండి. ఓక్ రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ 2022 మే నెలలో 1.102 ఎక్సాఫ్లాప్స్‌తో (సెకనుకు చేసే లెక్కల కొలమానం ఇది, 1,000 పెటాఫ్లాప్స్ ఒక ఎక్సాఫ్లాప్) ఆ జాబితాలో మొదటి ఎక్సాస్కేల్ యంత్రంగా నిలిచింది. స్పార్స్ మాత్రికలతో చేసే హెచ్‌పీసీజీ పరీక్షలో అదే యంత్రం 14 పెటాఫ్లాప్స్ దగ్గర ఆగింది. అంటే నూటికి ఒకటిన్నర వంతు కూడా కాదు. ఆ రెండో పరీక్షలో అప్పటికి మొదటి స్థానం జపాన్‌కు చెందిన ఫుగాకుది. మొదటి పరీక్షలో ఫ్రాంటియర్ వేగంలో సగం కూడా చేరని యంత్రం అది. ఈ రెండో పరీక్షను ప్రతిపాదించినవారిలో డొంగారా కూడా ఉన్నారు. తాను పాదుకొల్పిన కొలబద్ద చాలడం లేదని ఆయనే ముందుకు రావడం నాకు ఆయన మీద గౌరవం పెంచింది.

ఇక మన నగరం సంగతి. సైంటిఫిక్ కంప్యూటింగ్ అంటే అమెరికాయే అన్నట్టు ఇక్కడి పిల్లలు మాట్లాడుకుంటారు గానీ, హైదరాబాదుకు ఇందులో సొంత చరిత్ర ఉంది. 1980ల చివర్లో క్షిపణుల, విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడానికి డీఆర్‌డీవో ఇక్కడ అనురాగ్ అనే ప్రయోగశాలను పెట్టి, పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేయించింది. అంతకు కొంచెం ముందే, 1986లో, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్‌లో ఫ్లోసాల్వర్ వచ్చింది. పుణెలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చేసిన పరమ్ 8000 వచ్చింది 1991లో. పరమ్ పేరు అందరికీ తెలుసు, మిగిలిన రెండూ ఎవరికీ గుర్తులేవు.

పనికొచ్చే గణన ఎలా ఉంటుందో ఇక్కడి సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నడిపే సునామీ హెచ్చరిక కేంద్రంలో చూడవచ్చు. 2007 అక్టోబరులో మొదలైన ఆ కేంద్రంలో, భూకంపం వచ్చాక తీరిగ్గా సమీకరణాలు సాధిస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. అందుకని జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో రూపొందిన టునామీ ఎన్2 నమూనాను హిందూ మహాసముద్రానికి అనువుగా మార్చుకుని, అండమాన్ - సుమత్రా, మక్రాన్ ప్రాంతాల్లో ఎక్కడెక్కడ ఎంతెంత తీవ్రతతో భూకంపం వస్తే అల ఏ తీరానికి ఎప్పుడు, ఎంత ఎత్తుతో చేరుతుందో వేల కొద్దీ సందర్భాలకు ముందే లెక్కవేసి భద్రపరిచారు. నిజంగా భూమి కంపించినప్పుడు దానికి దగ్గరగా ఉన్న సందర్భాన్ని వెతికి తీస్తారు. ఇందులో ఎక్సాస్కేల్ ఏదీ లేదు. యంత్రం స్థానం వెంట వెళ్లేవారికి ఇది కంటికి కూడా ఆనదు.

మరొక పని ఉంది, అది ఏ విజయాల జాబితాలోనూ కనిపించదు. పాత యంత్రం మీద నడిచే సముద్ర నమూనాను కొత్త యంత్రానికి మార్చినప్పుడు జవాబులు చివరి దశాంశ స్థానాల్లో తేడాగా వస్తాయి. కంప్యూటర్‌లో కూడికలు చేసే వరుస మారితే మొత్తం కొద్దిగా మారుతుంది, ప్రాసెసర్ల సంఖ్య మారితే ఆ వరుసా మారుతుంది. పది రోజుల అంచనా నడిచేసరికి ఆ చిన్న తేడా పెరిగి, బంగాళాఖాతంలో ఒక సుడి పాత పటంలో ఉన్నచోట కాక పక్కకు జరిగి కనిపిస్తుంది. ఇది సముద్రానికి సహజమైన సున్నితత్వమా, లేక మార్చేటప్పుడు ప్రోగ్రాములో దొర్లిన లోపమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి బృందంలో ఒక్కరుంటే చాలు, మిగతా అందరి పరిశోధన పత్రాలూ ఆ మనిషి మీద ఆధారపడి ఉంటాయి. అయితే నేను చూసినంతలో పదోన్నతి మదింపు పత్రాల్లో పరిశోధన పత్రాలకు గడి ఉంటుంది, పేటెంట్లకు గడి ఉంటుంది, పదిమంది రోజూ వాడే ప్రోగ్రామును కాపాడినందుకు గడి ఉండదు. ఒక సహోద్యోగి అలాంటి పనిని 'ఇతరములు' కింద ఒక్క వాక్యంగా రాయవలసి వచ్చింది. మీరు ఇక్కడి ప్రకటనలకు దరఖాస్తు చేసేటట్లయితే ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

ప్రశ్న అడిగినవారి స్పందన
భూజలం_హబ్సిగూడ

మాస్టారికి, అలలెక్క గారికి కృతజ్ఞతలు. అవును సార్, పెట్‌సీ వాడుతున్నాను. నా ప్రోగ్రామ్ నడిచే సమయంలో సింహభాగం అందులోనే గడుస్తుంది. ఇంతవరకు దాన్ని దింపుకుని వాడటమే తప్ప, అది ఒక ప్రయోగశాల సిబ్బంది ఏళ్ల తరబడి నిలబెడుతున్న పని అన్న దృష్టితో చూడలేదు.

మీరిద్దరూ చెప్పినది విన్నాక రెండు అనుమానాలు మిగిలాయి. గోర్డన్ బెల్ బహుమతి కూడా వేగానికే ఇస్తారని విన్నాను. అలాగైతే దాన్ని కూడా యంత్రం స్థానంలాగే పక్కన పెట్టాలా? రెండోది, ఈ విజయాల్లో చాలావాటి కింద పెద్ద పెద్ద బృందాల పేర్లు ఉంటాయి. అందులో ఎవరు ఏం చేశారో బయటివారికి ఎలా తెలుస్తుంది?

సమాధానం
ఎక్సాస్కేల్_హన్మకొండ

నేను కొన్నేళ్లు అమెరికాలోని ఒక జాతీయ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. పైన ఇద్దరు పెద్దలు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, బహుమతులను మరీ తీసిపారేయవద్దని నా మనవి.

గోర్డన్ బెల్ బహుమతి 1987లో మొదలైంది. దానికి పోటీపడాలంటే కొలబద్ద ప్రోగ్రాము సరిపోదు, నిజమైన శాస్త్ర సమస్యను సాధించి చూపాలి. 2023 నవంబరులో డెన్వర్‌లో ప్రకటించిన బహుమతిని తీసుకోండి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్రమ్ గావిని నాయకత్వంలోని బృందానికి అది దక్కింది. మన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఫణి మొటమర్రి, ఓక్ రిడ్జ్ నుంచి డేవిడ్ రోజర్స్ కూడా ఆ బృందంలో ఉన్నారు. పదార్థాల్లో ఎలక్ట్రాన్ల ప్రవర్తనను లెక్కగట్టేటప్పుడు, అతి కచ్చితమైన పద్ధతులు కొద్ది అణువులకే పరిమితమవుతాయి, పెద్ద పదార్థాలకు వాడే పద్ధతుల్లో కచ్చితత్వం తగ్గుతుంది. చిన్న అణువుల మీద కచ్చితంగా చేసిన లెక్క నుంచి నేర్చుకున్నదాన్ని పెద్ద పదార్థాల లెక్కలోకి తీసుకురావడం వారి ఆలోచన. 6 లక్షలకు పైగా ఎలక్ట్రాన్లున్న వ్యవస్థపై ఫ్రాంటియర్ మీద సుమారు 660 పెటాఫ్లాప్స్ సాధించారు. స్పార్స్ మాత్రికల దగ్గర వేగం ఎందుకు పడిపోతుందో అలలెక్క గారు చెప్పారు కదా. వీరు లెక్కను చిన్న చిన్న నిండు మాత్రికల గుణకారాలుగా మలిచి, ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూసే సమయాన్ని తగ్గించారు. అది గణితం తెలిసినవారు చేసే పని, యంత్రం కొన్నందువల్ల వచ్చేది కాదు.

ఇక్కడే మాస్టారి మాటకు మరింత బలం చేకూరుతుంది. ఆ బృందం వాడిన ప్రోగ్రాము డీఎఫ్‌టీ-ఎఫ్ఈ బహిరంగంగా దొరుకుతుంది. అది డీల్ టూ అనే గ్రంథాలయం మీద నిర్మించినది. ఆ డీల్ టూకు 2007లోనే సంఖ్యాత్మక సాఫ్ట్‌వేర్ కోసం ఇచ్చే విల్కిన్సన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని నెలకొల్పిన మూడు సంస్థల్లో ఆర్గాన్ ఒకటి. 2023 నాటి వార్త ఒక్కటే చదివితే ఈ పదహారేళ్ల పునాది కనిపించదు.

మిగిలినవాటి గురించి కొద్దిమాటల్లో చెబుతాను. ఆర్ అండ్ డీ 100 అవార్డులు 1963 నుంచి ఉన్నాయి. వాటికి సంస్థే దరఖాస్తు పెట్టుకుని ప్రవేశ రుసుము కట్టాలి కాబట్టి, ఆ అవార్డు ఉందంటే ప్రయోగశాల యాజమాన్యం ఆ పనిని తనదిగా చెప్పుకోవడానికి ముందుకొచ్చిందని అర్థం చేసుకోండి. ప్రాసెసర్ల మధ్య సందేశాలు నడిపే ఎంపిచ్‌కు 2005లో, పెట్‌సీకి 2009లో అది వచ్చింది, రెండూ అర్హమైనవే. సయామ్ ఫెలో అంటే ఆ రంగంలోని తోటివారు ఇచ్చే గౌరవం. పోస్ట్‌డాక్‌కు వెళ్లేవారి కోణంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఇంధన శాఖ ఎర్లీ కెరీర్ నిధులకు. అవి ఐదేళ్లపాటు వస్తాయి. ఈ మధ్యే అవి అందుకున్న శాస్త్రవేత్త దగ్గర డబ్బు ఉంటుంది, కొత్త సమస్య ఉంటుంది, చేతి కింద మనుషుల అవసరం ఉంటుంది.

మీ రెండో అనుమానానికి ఒక పాత సంగతి చెబుతాను. 1955లో లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి ఫెర్మి, పాస్తా, ఉలమ్ పేర్లతో ఒక నివేదిక వచ్చింది. వరుసగా స్ప్రింగులతో కలిపిన కణాల కదలికను మేనియాక్ కంప్యూటర్‌పై లెక్కవేస్తే, శక్తి అన్ని కంపనాలకూ సమానంగా పంచుకుపోతుందని ఊహించినది కాస్తా తిరిగి మొదటి స్థితికి చేరువ కావడం వారిని ఆశ్చర్యపరిచింది. కంప్యూటర్‌ను ప్రయోగశాలలా వాడుకోవడం అక్కడి నుంచే మొదలైందని చాలామంది చెబుతారు. ఆ లెక్కకు ప్రోగ్రాము రాసి యంత్రం మీద నడిపినది మేరీ సింగు అనే యువతి. నివేదికలో పని చేసినవారి వరుసలో ఆమె పేరు ఉన్నా, రాసినవారి వరుసలో లేదు. 2008లో ఒక భౌతిక శాస్త్రవేత్త ఈ విషయాన్ని ఎత్తి చూపిన తరువాత గానీ ఆ సమస్య పేరులో ఆమె పేరును చేర్చి రాయడం వాడుకలోకి రాలేదు.

ఈనాడు ఆ స్థితి కొంత నయం, ఎందుకంటే ప్రోగ్రాముల మార్పుల చరిత్ర బహిరంగంగా ఉంటుంది. మీకు నచ్చిన బృందపు ప్రోగ్రాము భాండాగారాన్ని తెరిచి గంటసేపు కూర్చోండి. గత రెండు మూడేళ్లలో మార్పులు చేసిన చేతులు ఎన్ని, అవి ఒక్కరివేనా పదిమందివా? ఎవరో ఊరూపేరూ లేని వాడకందారు తప్పు దొరికిందని రాస్తే జవాబు ఎంత మర్యాదగా, ఎంత తొందరగా వచ్చింది? కొత్త మార్పు చేర్చే ముందు పరీక్షలు నడుస్తున్నాయా? పెట్‌సీలో ఇలాంటి సంభాషణలు మీకు పుష్కలంగా దొరుకుతాయి. విజయాల పుటలో ఫొటో పడిన శాస్త్రవేత్త పేరు ఆ చరిత్రలో కనిపించకపోతే అది తప్పేమీ కాదు, పెద్దవారు దిశానిర్దేశం చేస్తూ ఉండవచ్చు. కానీ అక్కడ రోజూ కనిపించే పేర్లు విజయాల పుటలో ఏ సంవత్సరమూ కనిపించకపోతే, ఆ బృందంలో చేరే పోస్ట్‌డాక్ గతి ఏమవుతుందో ఆలోచించుకోవాలి.

సమాధానం
క్లస్టర్_కాపలా

అందరూ యంత్రాన్ని చిన్నచూపు చూస్తున్నారు కాబట్టి నేను అటువైపు నిలబడతాను. గచ్చిబౌలి దగ్గర ఒక విద్యాసంస్థలో కంప్యూటర్ క్లస్టర్ నిర్వహణ నా ఉద్యోగం.

ఫ్రాంటియర్‌లో 37,000కు పైగా గ్రాఫిక్ ప్రాసెసర్లు ఉన్నాయి. అన్ని భాగాలున్న యంత్రంలో ఏదో ఒకటి తరచూ చెడిపోతూనే ఉంటుంది. లెక్క మధ్యలో ఆగిపోయినా ఆగినచోటి నుంచి మళ్లీ మొదలయ్యేట్టు స్థితిని ఎప్పటికప్పుడు డిస్కుకు రాసిపెట్టడం, ఆ రాతకే సగం సమయం పోకుండా చూడటం, 21 మెగావాట్ల విద్యుత్తును వాడే యంత్రాన్ని నీటితో చల్లబరచడం, వీటన్నిటికీ పరిశోధన స్థాయి పని అవసరం. ఆర్గాన్‌లో రాజీవ్ ఠాకూర్, ఆయన సహచరులు చేసిన రోమియో చూడండి. వేల ప్రాసెసర్లు ఒకే ఫైలులోకి ఒకేసారి రాయడానికి ప్రయత్నిస్తే ఏం చేయాలన్నదే దాని విషయం. పెద్ద యంత్రం లేని చోట ఆ సమస్యే పుట్టదు. కాబట్టి యంత్రం స్థానాన్ని చూడకండి గానీ, ఆ యంత్రం దగ్గర ఎలాంటి మనుషులున్నారో చూడండి.

మరొక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. 2024 నవంబరులో 1.742 ఎక్సాఫ్లాప్స్‌తో మొదటి స్థానానికి వచ్చిన ఎల్ కాపిటన్ ఉన్నది లివర్‌మోర్‌లో. దాని ప్రధాన బాధ్యత అణ్వాయుధ నిల్వల నిర్వహణకు సంబంధించిన గణన. లివర్‌మోర్, లాస్ అలమోస్, శాండియా ఈ కోవకు చెందినవి. అక్కడి ఉద్యోగాల్లో చాలావాటికి అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఆర్గాన్, ఓక్ రిడ్జ్, బర్క్‌లీ వంటి సైన్స్ విభాగపు ప్రయోగశాలల్లో విదేశీ పోస్ట్‌డాక్‌లు చాలామంది ఉంటారు. ప్రకటన చివర చిన్న అక్షరాల్లో ఉండే అర్హతల పేరాను ముందు చదివి, ఆ తరువాతే విజయాల పుట తెరవండి. ఇక్కడే ఉండాలనుకుంటే, పుణెలోని అర్క, నోయిడాలోని అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు 2024 సెప్టెంబరులో మొదలయ్యాయి. అర్క 11.77, అరుణిక 8.24 పెటాఫ్లాప్స్. వాతావరణ, సముద్ర నమూనాలవారికి అవి ఆధారం. ఆ పనికి గణితం, ప్రోగ్రామింగ్ రెండూ తెలిసినవారు మన దేశంలో ఇప్పటికీ తక్కువే.

సమాధానం
సంఖ్యాగణితం_తార్నాక

క్లస్టర్_కాపలా గారు చెప్పిన పౌరసత్వం సంగతి నేను మొదటే ప్రస్తావించవలసినది. మంచి పని చేశారు.

భూజలం గారికి ఇంకొక సూచన. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చినప్పుడు మీరు అడిగే ప్రశ్నలను కూడా వారు గమనిస్తారు. ఆ బృందంలో ఇంతకుముందు పనిచేసిన పోస్ట్‌డాక్‌లు ఇప్పుడు ఎక్కడున్నారు, మీరు రాసే ప్రోగ్రామును బహిరంగంగా విడుదల చేయడానికి అనుమతి ఉంటుందా, వారంలో ఎంత భాగం సొంత పరిశోధనకు, ఎంత భాగం గ్రంథాలయం నిర్వహణకు పోతుంది, ఈ మూడూ నేరుగా అడగండి. అమెరికా ఇంధన శాఖ ఎక్సాస్కేల్ కంప్యూటింగ్ ప్రాజెక్టు 2016లో మొదలై, సుమారు 180 కోట్ల డాలర్ల ఖర్చుతో నడిచి ముగిసింది. దాని కింద జీతాలు పొందిన సాఫ్ట్‌వేర్ బృందాలు ఇప్పుడు ఏ నిధులతో నడుస్తున్నాయో తెలుసుకోవడం మీ రెండేళ్ల భవిష్యత్తుకు సంబంధించిన విషయం, అడగడానికి మొహమాటపడకండి.

మీ గ్రానైట్ పగుళ్ల సమస్యలో పక్క పక్క గడుల మధ్య నీటి ప్రవేశ్యత వేలరెట్లు తేడాగా ఉంటుంది కాబట్టి సమీకరణాలు సాధించడం కష్టమవుతుంది. లివర్‌మోర్ వారి హైపర్ గ్రంథాలయంలోని బహుళజాల (మల్టీగ్రిడ్) పద్ధతిని పెట్‌సీ ద్వారానే పిలవవచ్చు. దాన్ని ప్రయత్నించారా? ప్రయత్నించి ఉంటే, ఏ ఉదాహరణ దగ్గర అది విఫలమైందో చిన్నదిగా కుదించి వారికి పంపండి. అలాంటి ఉదాహరణలు వారికి చాలా అవసరం, మీ పేరు కూడా దరఖాస్తు కన్నా ముందు వారికి చేరుతుంది.